కొత్త పైథాన్ వేసినా పాత వెర్షనే చూపిస్తోంది: అసలు ఏది నడుస్తోందో ఎలా చూసుకోవాలి?

కర్నూలులో బీటెక్ రెండో ఏడాది చదువుతున్న ఒకరు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నాను. కాలేజీ ల్యాబ్‌లో నడిచిన ప్రోగ్రామ్ ఇందులో మ్యాచ్ అనే లైన్ దగ్గర సింటాక్స్ ఎర్రర్ ఇస్తోంది. పైథాన్ పాతదై ఉంటుందని సార్ అన్నారు. 3.12 డౌన్‌లోడ్ చేసి వేశాను, సక్సెస్ అని కూడా వచ్చింది. అయినా కమాండ్ ప్రాంప్ట్‌లో చూస్తే 3.8 అనే చెబుతోంది. ఫార్మాట్ కొట్టించమంటారా?"

వద్దు, ఫార్మాట్ జోలికి పోకండి. మీ ల్యాప్‌టాప్‌లో ఇప్పుడు రెండు పైథాన్‌లు ఉన్నాయి. కొత్తది నిజంగానే ఎక్కింది, కానీ పేరు కొట్టినప్పుడు పాతది ముందు పలుకుతోంది. కాబట్టి వెర్షన్ నంబర్ ఒక్కటే చూస్తే చాలదు, ఏ ఫోల్డర్‌లో ఉన్నది పలుకుతోందో కూడా చూడాలి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఈ రెండూ ఒకదాని తర్వాత ఒకటి కొట్టండి:

పైథాన్ --వెర్షన్
వేర్ పైథాన్

కమాండ్లు తెలుగులో రాస్తున్నాను గానీ మీరు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. వేర్ అంటే "ఎక్కడ" అనే అర్థమున్న ఇంగ్లీషు మాట. వెర్షన్ ముందు రెండు అడ్డగీతలు, వాటి మధ్య ఖాళీ ఉండకూడదు. వాట్సాప్‌లోనో వర్డ్‌లోనో వచ్చిన కమాండ్‌ను కాపీ చేస్తే ఆ రెండు గీతలు కలిసిపోయి ఒక పొడుగు గీత అయిపోయే అవకాశం ఉంది, అప్పుడు కమాండ్ పనిచేయదు. అందుకే చేత్తోనే కొట్టండి.

మొదటి కమాండ్ నంబర్ చెబుతుంది. రెండోది ఆ పేరుతో ఉన్న ఫైళ్లన్నిటినీ కంప్యూటర్ వెతికే వరుసలోనే చూపిస్తుంది. పైనున్న లైనే మీకు పలికేది. మీరు చెప్పిన లక్షణాలను బట్టి మీ స్క్రీన్ మీద దాదాపు ఇలా ఉంటుంది:

సీ:\ప్రోగ్రామ్ ఫైల్స్\పైథాన్38\పైథాన్.ఈఎక్స్‌ఈ
సీ:\యూజర్స్\మీ పేరు\యాప్‌డేటా\లోకల్\ప్రోగ్రామ్స్\పైథాన్\పైథాన్312\పైథాన్.ఈఎక్స్‌ఈ

నేను అనంతపురంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ సిస్టమ్స్ చూసుకుంటాను. సెమిస్టర్ మొదట్లో పిల్లలు తెచ్చే ల్యాప్‌టాప్ సమస్యల్లో ఇదే ఎక్కువ. చాలామంది అప్పటికే షాపులో డబ్బులు కట్టి ఫార్మాట్ కొట్టించి ఉంటారు. ఆ తర్వాత ఫోన్ హాట్‌స్పాట్ మీద మళ్లీ అన్నీ డౌన్‌లోడ్ చేసుకుంటారు. ఫార్మాట్‌తో పాత పైథాన్ కూడా పోతుంది కాబట్టి సమస్య తీరినట్టే కనిపిస్తుంది, "వైరస్ ఉండింది" అని షాపువాళ్లు చెబితే నమ్మేస్తారు. ఒక్క లైన్ చదివితే తేలే విషయానికి ఇంత ఖర్చు, ఇంత టెన్షన్ పడుతున్నారే అనే బాధతోనే ఇంత వివరంగా రాస్తున్నాను.

పాతది ఎందుకు ముందు పలుకుతోంది?

మీరు పేరు కొట్టగానే కంప్యూటర్ డిస్క్ మొత్తం గాలించదు. పాథ్ అని ఒక జాబితా ఉంటుంది, అందులో ఫోల్డర్ల పేర్లు వరుసగా ఉంటాయి. ఆ వరుసలో వెతుక్కుంటూ పోయి, మొదట దొరికినదాన్ని నడిపేసి అక్కడితో ఆగిపోతుంది. మా వైపు పల్లెల్లో ఒకే వీధిలో ఇద్దరు ఓబులేసులు ఉండటం మామూలే. వీధి మొదట్లో నిలబడి "ఓబులేసూ" అని పిలిస్తే ముందు ఇంటి ఓబులేసే బయటికొస్తాడు, చివరింటి ఆయన ఎంత గట్టివాడైనా సరే. ఇక్కడ జరుగుతున్నదీ అదే.

విండోస్‌లో దీనికి ఇంకో మెలిక ఉంది, చాలామందికి తెలియదు. పాథ్‌లో రెండు భాగాలుంటాయి. ఒకటి సిస్టమ్ మొత్తానికి చెందినది, రెండోది మీ యూజర్ అకౌంట్‌కు చెందినది. విండోస్ సిస్టమ్ భాగాన్ని ముందు పెట్టి, యూజర్ భాగాన్ని దాని వెనక తగిలిస్తుంది. ల్యాప్‌టాప్ పాత యజమాని పైథాన్ 3.8ని "అందరు యూజర్లకూ" అని వేసి, పాథ్‌లోనూ చేర్చి ఉంటే అది సిస్టమ్ భాగంలోకి పోయింది. మీరు 3.12ని మామూలుగా నెక్స్ట్ నెక్స్ట్ కొట్టి వేస్తే అది మీ ఒక్క అకౌంట్‌కే పోతుంది. ఇన్‌స్టాలర్ మొదటి స్క్రీన్‌లో కింద "పాథ్‌లో చేర్చు" అనే టిక్ బాక్స్ ఉంటుంది, అది మామూలుగా ఖాళీగానే ఉంటుంది. మీరు టిక్ పెట్టకపోతే కొత్తది జాబితాలోకే ఎక్కదు. పెట్టినా యూజర్ భాగంలోకి వెళ్తుంది కాబట్టి 3.8 వెనకే నిలబడుతుంది. ఎన్నిసార్లు తీసేసి మళ్లీ వేసినా ఫలితం మారకపోవడానికి కారణం ఇదే.

మ్యాచ్ సంగతి కూడా చెబుతాను. అది 2021 అక్టోబర్‌లో వచ్చిన పైథాన్ 3.10తో మొదలైంది. 3.8కి ఆ మాట అర్థం కాదు కాబట్టి సింటాక్స్ ఎర్రర్ ఇస్తుంది. మీ ప్రోగ్రామ్‌లో తప్పు లేదు. 3.8కి సెక్యూరిటీ అప్‌డేట్లు కూడా 2024 అక్టోబర్‌తో ఆగిపోయాయి, కాబట్టి దాన్ని ఉంచుకునే అవసరం మీకు పెద్దగా లేదు.

ఇప్పుడేం చేయాలి?

ముందు ఇది కొట్టి చూడండి: పీ, వై అనే రెండక్షరాలు, ఒక ఖాళీ, అడ్డగీత, సున్నా, పీ. అంటే పీవై -0పీ. సున్నా అని గమనించండి, ఓ అక్షరం కాదు. పైథాన్‌తో పాటు వచ్చే లాంచర్ ఇది. మీ దగ్గరున్న పైథాన్‌లన్నిటినీ వాటి ఫోల్డర్లతో సహా చూపిస్తుంది. ఇక్కడ 3.12 కనిపిస్తే అది పాథ్‌లో లేకపోయినా ఈ క్షణం నుంచే వాడుకోవచ్చు: పీవై -3.12 ప్రోగ్రామ్.పీవై. రేపు ల్యాబ్ ఎగ్జామ్ ఉంటే ఇంతటితో ఆపి చదువుకోండి, మిగతాది తీరిగ్గా చేసుకోవచ్చు.

శాశ్వతంగా సరిచేయాలంటే, 3.8 అక్కర్లేదు అనుకుంటే సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి వెళ్లి దాన్ని తీసేయండి. కావాలనుకుంటే స్టార్ట్‌లో "ఎన్విరాన్‌మెంట్" అని వెతికి, సిస్టమ్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అని వచ్చినదాన్ని తెరవండి, అందులో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ బటన్ నొక్కితే రెండు పెట్టెల విండో తెరుచుకుంటుంది. పై పెట్టెలో మీ యూజర్‌వి, కింది పెట్టెలో సిస్టమ్‌వి ఉంటాయి. కింది పెట్టెలో పాథ్ మీద డబుల్ క్లిక్ చేసి పైథాన్38 ఉన్న లైన్లను తీసేయండి. సాధారణంగా రెండు ఉంటాయి, ఒకటి ఆ ఫోల్డర్, ఇంకోటి దాని లోపలి స్క్రిప్ట్స్ ఫోల్డర్. మిగతా లైన్లను ముట్టుకోకండి. తీసే ముందు ఆ స్క్రీన్‌ను ఫోటో తీసి పెట్టుకోండి.

తర్వాత తెరిచి ఉన్న కమాండ్ ప్రాంప్ట్ మూసి కొత్తది తెరవండి. పాథ్‌ను విండో తెరిచేటప్పుడే ఒకసారి చదువుకుంటుంది. పాత విండోలో ఎంతసేపు కొట్టినా పాత జవాబే వస్తుంది. వీఎస్ కోడ్ (కోడ్ రాసుకునే ఎడిటర్) లోపలి టెర్మినల్ వాడుతుంటే ఆ టెర్మినల్ ఒక్కటి మూస్తే సరిపోదు, వీఎస్ కోడ్ మొత్తం మూసి తెరవాలి. పైగా వీఎస్ కోడ్ ఏ పైథాన్‌తో నడపాలో దానికంటూ వేరే ఎంపిక ఉంటుంది. పైథాన్ ఫైల్ తెరిచి ఉన్నప్పుడు కింది పట్టీలో కుడివైపు వెర్షన్ నంబర్ కనిపిస్తుంది, దాని మీద నొక్కి మార్చుకోవాలి. కమాండ్ ప్రాంప్ట్‌లో 3.12, రన్ బటన్ నొక్కితే 3.8 వస్తోందంటే చూడాల్సింది అక్కడే.

ఏ సందేహమూ మిగలకూడదంటే ప్రోగ్రామ్‌నే అడగండి. ఫైల్ పైన ఇంపోర్ట్ సిస్ అని రాసి, కింద ప్రింట్(సిస్.వెర్షన్), ప్రింట్(సిస్.ఎగ్జిక్యూటబుల్) అని రెండు లైన్లు పెట్టండి. ఆ ఫైల్‌ను నిజంగా ఏ పైథాన్ నడుపుతోందో, అది ఎక్కడుందో చెప్పేస్తుంది. నా దగ్గరికి వచ్చినవాళ్లతో మొదట ఇదే చేయిస్తాను, ఎందుకంటే మిగతా అన్ని చోట్లా చూసేది "ఏది నడవబోతోంది" అని, ఇక్కడ తేలేది "ఏది నడిచింది" అని.

కొన్ని ల్యాప్‌టాప్‌లలో పైథాన్ అని కొడితే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటుంది. అది విండోస్ పెట్టిన దారిమళ్లింపు, 2019 నుంచి ఉంది. సెట్టింగ్స్‌లో "యాప్ ఎగ్జిక్యూషన్ ఏలియాసెస్" అని వెతికి పైథాన్ పేరున్న రెండు స్విచ్‌లూ ఆఫ్ చేయండి. ఇంకొక హెచ్చరిక: సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లో విండోస్ 7 ఉంటే 3.9, ఆపైవి అందులో నడవవు. దానికి 3.8తోనే ఆఖరు.

పైథాన్‌కు అదనపు ప్యాకేజీలు వేసే పిప్ అనే టూల్ విషయంలోనూ ఇదే గొడవ. "ప్యాకేజీ వేశాను, అయినా మాడ్యూల్ లేదంటోంది" అంటే చాలాసార్లు పిప్ ఒక పైథాన్‌ది, ప్రోగ్రామ్ నడిపేది ఇంకో పైథాన్. పిప్ --వెర్షన్ కొడితే లైన్ చివర బ్రాకెట్లలో అది ఏ పైథాన్‌కు చెందినదో ఉంటుంది, చివరిదాకా చదవండి. అసలు పిప్‌ను నేరుగా పిలవకుండా పైథాన్ -ఎమ్ పిప్ ఇన్‌స్టాల్ అని వాడటం అలవాటు చేసుకుంటే ఈ తలనొప్పే ఉండదు.

మిగతా టూల్స్ సంగతి

రెండు అడ్డగీతలతో వెర్షన్ అని అడగడం ఎక్కువ టూల్స్‌కు పనిచేస్తుంది. గిట్, నోడ్, జీసీసీ అన్నీ దానికే పలుకుతాయి. కానీ అందరూ ఒకే పద్ధతి పాటించరు. గో భాషకు గీతలే ఉండవు, గో వెర్షన్ అంతే. ఓపెన్ఎస్ఎస్ఎల్ కూడా అంతే. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కు ఒక్క గీత. ఎస్ఎస్‌హెచ్‌కు ఒక్క గీత, పక్కన పెద్ద వీ. ఈ చిన్న వీ, పెద్ద వీ తేడా ముఖ్యం. పైథాన్‌కు పెద్ద వీ ఇస్తే వెర్షన్ చెబుతుంది, చిన్న వీ ఇస్తే లోడ్ అయ్యే ప్రతి మాడ్యూల్ పేరూ చదువుతూ స్క్రీన్ నిండా లైన్లు కుమ్మరిస్తుంది. అది చూసి హ్యాక్ అయిందని కంగారు పడక్కర్లేదు, కొన్ని టూల్స్‌లో చిన్న వీ అంటే "వివరంగా చెప్పు" అని లెక్క.

కమాండ్ ప్రాంప్ట్ బదులు పవర్‌షెల్ (విండోస్‌లోనే కమాండ్లు కొట్టే ఇంకో విండో) వాడేవాళ్లకు రెండు చిక్కులున్నాయి. అక్కడ వేర్ అనే పేరు వేరే పనికి పెట్టుకున్నారు, కాబట్టి వేర్.ఈఎక్స్‌ఈ పైథాన్ అని పూర్తిగా కొట్టాలి. విండోస్‌తో వచ్చే పవర్‌షెల్ 5.1లో కర్ల్ అన్నా అసలు కర్ల్ పలకదు, ఆ పేరుతో ఇంకో కమాండ్ పలికి ఎర్రర్ ఇస్తుంది. దాన్నీ కర్ల్.ఈఎక్స్‌ఈ --వెర్షన్ అనే అడగాలి.

జావా మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ప్రాజెక్టు సీజన్‌లో పిల్లలను ఎక్కువగా ఏడిపించేది ఇదే. కడప నుంచి వచ్చి మా దగ్గర చదువుతున్న ఒక అమ్మాయి ప్రాజెక్టు డెమో ముందు ల్యాప్‌టాప్ తెచ్చింది. ప్రోగ్రామ్ కంపైల్ అవుతోంది, రన్ మాత్రం అవడం లేదు. ఎర్రర్‌లో రెండు నంబర్లున్నాయి: ఫైల్ 61.0 వెర్షన్‌ది, ఈ జావాకు 52.0 వరకే తెలుసు అని. 61 అంటే జావా 17, 52 అంటే జావా 8. అంటే కంపైల్ చేసింది 17, నడపబోతున్నది 8. జావా -వెర్షన్, జావాసీ -వెర్షన్ అని విడివిడిగా కొట్టించాను, అనుకున్నట్టే రెండూ రెండు నంబర్లు చెప్పాయి. ఎప్పుడో ఏదో వెబ్‌సైట్ కోసం వేసిన జావా 8 రన్‌టైమ్ (ప్రోగ్రామ్‌లను నడపడానికి మాత్రమే పనికొచ్చేది) పాథ్‌లో ముందు కూర్చుంది. రన్‌టైమ్‌లో కంపైలర్ ఉండదు కాబట్టి జావాసీ కోసం వెతికితే వెనకున్న 17 దొరికింది. పాత రన్‌టైమ్ తీసేయగానే నడిచింది. ఆ అమ్మాయి అంతకుముందు రాత్రంతా తన కోడ్‌లోనే తప్పు వెతుక్కుంటూ కూర్చుందట.

జావా ప్రాజెక్టులను బిల్డ్ చేసే మావెన్ అనే టూల్ వాడేవాళ్లు ఇంకొకటి గమనించాలి. అది ముందు జావా హోమ్ అనే వేరే సెట్టింగ్‌ను చూస్తుంది, అది పెట్టి ఉంటే పాథ్‌లో ఉన్న జావాను పట్టించుకోదు. ఎమ్‌వీఎన్ -వెర్షన్ కొడితే తాను వాడుతున్న జావా ఏదో, ఎక్కడుందో అదే చెబుతుంది.

నంబర్ చదవడంలోనూ పొరపాట్లు జరుగుతుంటాయి. 3.10 అనేది 3.9 కంటే కొత్తది. ఇది దశాంశం కాదు, చుక్కకు అటూ ఇటూ ఉన్నవి విడివిడి నంబర్లు, పది తొమ్మిది తర్వాతే కదా వచ్చేది. జావాలో 1.8 అని కనిపిస్తే అది జావా 8. 2017లో జావా 9 వచ్చినప్పటి నుంచి ముందున్న ఆ ఒకటి తీసేశారు.

డీబీఎంఎస్ (డేటాబేస్) ల్యాబ్ వాళ్లకు: మైఎస్‌క్యూఎల్ --వెర్షన్ అని కొడితే వచ్చేది మీరు కమాండ్లు కొట్టే క్లయింట్ వెర్షన్. డేటా ఉండే సర్వర్ వేరే. దాని వెర్షన్ కావాలంటే లోపలికి లాగిన్ అయ్యి సెలెక్ట్ వెర్షన్(); అని అడగాలి. వెబ్ సర్వర్, డేటాబేస్ కలిపి ఇచ్చే ఎక్స్ఏఎంపీపీ వేసుకున్నవాళ్లకు అక్కడ నంబర్ పక్కన మరియాడీబీ అని కనిపిస్తుంది. బటన్ మీద మైఎస్‌క్యూఎల్ అని ఉన్నా లోపలున్నది మరియాడీబీ. చాలావరకు రెండూ ఒకేలా ఉంటాయి గానీ, కొన్ని క్వెరీలు పాఠంలో చెప్పినట్టు నడవకపోతే కారణం ఇదై ఉండొచ్చు. అలాగే విండో ఫంక్షన్లు మైఎస్‌క్యూఎల్‌లో 8.0 నుంచే ఉన్నాయి, సర్వర్ 5.7 అయితే ఎర్రరే.

లైనక్స్ వాడేవాళ్లకు వేర్ బదులు టైప్ -ఏ పైథాన్3 అని కొడితే ఉన్నవన్నీ వరుసగా చూపిస్తుంది. ఉబుంటు 22.04లో 3.10, 24.04లో 3.12 సిస్టమ్‌తోనే వస్తాయి. సిస్టమ్ సొంత పనులు చాలా ఆ పైథాన్ మీదే నడుస్తాయి, కాబట్టి దాన్ని తీసేయకండి, మార్చకండి. కొత్తది కావాలంటే పక్కన వేసుకుని ప్రాజెక్టుకొక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఆ ప్రాజెక్టు వరకే పనిచేసే విడి పైథాన్ ఫోల్డర్) పెట్టుకోండి. కొత్త టూల్ వేశాక కూడా అదే విండోలో పాతది పలుకుతుంటే హ్యాష్ -ఆర్ అని కొట్టండి. టెర్మినల్‌లో మీ కమాండ్లు అందుకునే బ్యాష్ అనే ప్రోగ్రామ్ ఒకసారి వెతికిన చోటును గుర్తుపెట్టుకుంటుంది, ఇది ఆ జ్ఞాపకాన్ని చెరిపేస్తుంది. సుడోతో (అంటే అడ్మిన్ హక్కులతో) నడిపేటప్పుడు పాథ్ మారిపోతుంది, మామూలుగా ఒక వెర్షన్, సుడోతో ఇంకో వెర్షన్ రావడం అందువల్లే.

కాలేజీ ల్యాబ్ కంప్యూటర్లలో మీకు అడ్మిన్ హక్కులు ఉండవు, సిస్టమ్ పాథ్ మార్చలేరు. అక్కడ కూడా వర్చువల్ ఎన్విరాన్‌మెంటే దారి: పీవై -3.12 -ఎమ్ వెన్వ్ ప్రాజెక్ట్ అని కొడితే ఆ పేరుతో ఫోల్డర్ తయారవుతుంది. దాన్ని యాక్టివేట్ చేస్తే ఆ విండో వరకు దాని పైథాన్ జాబితాలో అందరికంటే ముందుకొస్తుంది. పవర్‌షెల్‌లో యాక్టివేట్ చేస్తే స్క్రిప్టులు నడపకూడదని అడ్డుపడవచ్చు, కమాండ్ ప్రాంప్ట్‌లో చేసుకోండి.

ఇక మీ ల్యాప్‌టాప్ విషయం. వేర్ పైథాన్ కొట్టి, వచ్చిన లైన్లన్నీ కత్తిరించకుండా కింద పెట్టండి, పీవై -0పీ ఇచ్చిన జవాబు కూడా. మొదటి లైన్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్ ఉంటే పైన చెప్పిన సిస్టమ్ పాథ్ కథే, అలాగే చేయండి. మొదటి లైన్ కూడా మీ యూజర్ ఫోల్డర్‌లోదే అయితే రెండు పైథాన్‌లూ పై పెట్టెలోనే ఉన్నట్టు. అప్పుడు ఏదీ తీసేయక్కర్లేదు, 312 ఉన్న రెండు లైన్లను మూవ్ అప్ బటన్‌తో 38 లైన్ల పైకి జరిపితే చాలు. జాబితాలో 3.12 అసలు లేకపోతే ఇన్‌స్టాలర్‌ను మళ్లీ తెరిచి మాడిఫై నొక్కండి, రెండో స్క్రీన్‌లో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో చేర్చే టిక్ ఉంటుంది. మళ్లీ డౌన్‌లోడ్ చేయాల్సిన పని లేదు.